ఇంటాయన లెక్కలోకి రాడు

చోడవరంలో అద్దెకు తీసుకున్న ఒక గదిలో మేం ఆడవాళ్లం నెలకోసారి చేరేవాళ్లం. అందరం ఒళ్లమ్ముకుని బతికేవాళ్లమే. నేను పన్నెండేళ్లు ఆ పని చేశాక, తోటివాళ్లకు నిరోధ్ ప్యాకెట్లు పంచే పనిలో కుదిరాను. చెక్కబొమ్మ పట్టుకుని ఎలా తొడగాలో చూపించేదాన్ని. హెచ్ఐవీ రక్తపరీక్ష వాయిదా వేస్తే ఎంతటిదాన్నైనా తిట్టేదాన్ని. నా నోటికి జడిసే సగంమంది టైముకి వచ్చేవారు. అది నాకు గర్వంగానే ఉండేది.

ప్రతినెలా ఒక్కొక్కరికీ ఒక కాగితం నింపాలి. అందులో ఒక ప్రశ్న, ఈ నెల నిన్నెవరైనా కొట్టారా అని. లాడ్జిలో ఎవడైనా చెయ్యి చేసుకుంటే చెప్పేవారు. కలిసి కాపురం చేస్తున్న ఇంటాయన కొడితే మాత్రం చెప్పేవారు కాదు, అది కొట్టడం కిందకి రాదు. అతని దగ్గర నిరోధ్ ఊసు కూడా ఎత్తకూడదు. నిరోధ్ బయటివాళ్లకి. ఇంటాయనకిస్తే అతన్నీ బేరం కింద జమకట్టినట్టే. మాలో అదొక కట్టుబాటు. నేనూ అలాంటివాళ్లందరికీ 'లేదు' అనే రాసుకుంటూ పోయాను.

రావికమతం వైపు పల్లె నుంచి షేర్ ఆటోలో ఒక అమ్మాయి వచ్చేది. పాతికేళ్లుంటాయి. నవ్వకుండా రెండు మాటలు మాట్లాడేది కాదు. ఆ నెల వచ్చి గోడకి జారబడి కూర్చుంది. దవడ వాచి ఉంది. కాగితం తీసి అడిగితే ఎవరూ కొట్టలేదంది. మరి ఆ వాపేమిటన్నాను.

"అది మా ఇంటాయన్లే అక్కా. బయటోలు కాదు కదా," అంది.

మిగతావాళ్లు వెళ్లాక కూర్చోబెట్టి అడిగితే నెమ్మదిగా చెప్పింది. ఆయనకి ఇంకో ఆడమనిషి ఉందని తెలిసి, నేను చెప్పిన పాఠం గుర్తు పెట్టుకుని, మొన్న రాత్రి అతని చేతిలో ప్యాకెట్ పెట్టిందట. నన్నూ ఆళ్లలో కలిపేసినావా అని దవడ పగిలేలా కొట్టాడట. ఆ ఆడమనిషి సంగతి తెలిసినప్పట్నించీ మూడు వారాలుగా నిద్ర లేదు, అన్నం సయించడం లేదు. బతకాలని లేదని కూడా అంది, కరెంటు లేదని చెప్పినంత మామూలుగా.

నాకు భయమేస్తే కోపం వస్తుంది. వాణ్ణి వదిలెయ్యమని, నిరోధ్ లేకుండా దగ్గరికి రానివ్వొద్దని, లేచి ఆసుపత్రికి నడవమని అరిచేశాను. అంతా విని నా మొహంలోకి చూసింది.

"నువ్వు ఇంటికాడ నిరోధ్ అడిగేవా అక్కా?"

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. తొమ్మిదేళ్లుగా నాకూ ఒక ఇంటాయన ఉన్నాడు. ఒకే ఒక్కసారి అడిగాను. నా కనుబొమ్మ మీది మచ్చ ఆనాటిదే. బావిగట్టు మీద జారిపడ్డానని గదిలో అందరికీ చెప్పి, ఎలా పడ్డానో అభినయించి నవ్వించాను కూడా. మళ్లీ అడగలేదు. అందర్నీ పరీక్షకి తరిమే నేను, నా పరీక్ష ఏళ్ల తరబడి వాయిదా వేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"అడిగేను. కొట్టేడు. ఇది బావిగట్టు కాదు," అన్నాను.

ఆ అమ్మాయి నా మచ్చ వేలితో తడిమి చూసింది. అప్పుడు ఏడ్చింది. ఆ మూడు వారాల్లో ఏడవడం అదే మొదటిసారని తర్వాత చెప్పింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఆసుపత్రికి వెళ్లాం. ముందు నేనే చెయ్యి చాపాను. ఇద్దరికీ ఏమీ లేదని వచ్చింది. అది మా అదృష్టం, నా తెలివేం కాదు. నిద్ర సంగతీ బతకాలని లేని సంగతీ డాక్టరమ్మకి తనే చెప్పుకుంది. మందులిచ్చి వారం వారం రమ్మన్నారు. ప్రతి వారం తోడు వెళ్లాను. నెల తిరిగేసరికి కాస్త నిద్ర పడుతోందంది, వేరే గది చూసుకుంది. మా ఇంటాయన సామాను గుమ్మం బయట పెట్టడానికి నాకు మాత్రం ఇంకో నాలుగు నెలలు పట్టింది.

అతన్ని పంపేసిన నెల మీటింగులో ఎవరినీ అడగకముందే ఒక కాగితం మీద నా పేరు రాసుకున్నాను. కొట్టారా అన్నచోట, ఏళ్లనాటి దెబ్బే అయినా, 'అవును', ఎవరు అన్నచోట 'ఇంటాయన' అని రాసి గట్టిగా చదివాను. ఏళ్ల తరబడి నెలనెలా లేదు లేదు అంటూ వచ్చిన ఒక పెద్దావిడ చెంగు సర్దుకుంది.

"అలగయితే నాది మార్సి రాయమ్మా," అంది. "అన్ని నెల్లదీను."