ఎనిమిది ఎవరికి పోయింది

మోపెడ్ సైకిల్ కాదని ఒక ప్రభుత్వ కార్యాలయం చేత ఒప్పించడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ గెలుపు గురించి ఊరూరా చెప్పుకుంటూ తిరిగాను. అందులో సగం అబద్ధమని తర్వాత తెలిసింది.

ఎనభైల చివరి సంవత్సరాలవి. నేను బడిపంతులును. సెలవు దొరికితే చాలు, బాణామతి లేదు, చేతబడి లేదు అని చెప్పడానికి పల్లెలకు పోయేవాళ్ళం, నేనూ ఒక పెద్దాయనా. ఆయన రిటైరైన హెడ్‌మాస్టరు. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. వాదించడం నాకు నేర్పింది ఆయనే. ఎదుటివాడు ఏ మాటన్నా సరే, "అయితే అది రాసియ్యి" అని అడగమనేవాడు. అబద్ధం నోటితో చెప్పినంత సులువుగా చేత్తో రాయలేరని ఆయన నమ్మకం. నాకూ అదే నమ్మకం అంటుకుంది.

బస్సులు పోని ఊళ్ళకు పోవడానికి నేను మోపెడ్ కొన్నాను. నడిపేది నేను. ఆయన వెనక కూర్చుని, మా సరంజామా ఉన్న రేకుపెట్టె ఒళ్ళో పెట్టుకునేవాడు. అందులో కర్పూరం, పసుపు, సున్నం, నాలుగు నిమ్మకాయలు ఉండేవి. బాబాలు చేసే మాయలన్నీ ఆ పెట్టెతో మేమే చేసి చూపించేవాళ్ళం.

షోరూం వాళ్ళిచ్చిన తాత్కాలిక రిజిస్ట్రేషన్ కాగితం నెలరోజులకే పనికొస్తుంది. ఆ గడువు దాటిన వారానికే దెబ్బ తగిలింది. ఒక ఊళ్ళో ఒక ముసలామె మీద బాణామతి నింద పడింది. ఆ సాయంత్రం మేం అక్కడ సభ పెట్టాలి. ఊరి పొలిమేరలోనే సబ్ ఇన్‌స్పెక్టర్ ఆపాడు.

"ఏం సార్లూ, దయ్యాల మీటింగా? బండి కాగితాలు తియ్యుండ్రి."

చూపించాను. తేదీ మీద వేలు పెట్టాడు. "దీని పానం పోయింది గద సార్. బండి స్టేషన్ల పెట్టుండ్రి. మీటింగ్ ఇంకోనాడు పెట్టుకోవచ్చు, తొందరేముంది?"

తొందర ఉంది. మేం పోలీసుస్టేషన్ బల్ల మీద కూర్చున్న ఆ సాయంత్రమే ఊళ్ళోవాళ్ళు ఆ ముసలామె ముందుపళ్ళు ఊడగొట్టారు. పళ్ళు లేకపోతే మంత్రం పలకదట. మర్నాడు దవాఖానలో ఆమెను చూశాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది. గడువు దాటిన ఒక కాగితం చాలు, మమ్మల్ని ఏ ఊరి బయటైనా నిలబెట్టేయడానికి. అందుకే బండికి నంబరు తెచ్చుకోవాలి, అదీ ఎవడూ వేలెత్తి చూపలేనట్టు తెచ్చుకోవాలి అని ఆ దవాఖాన మెట్ల మీదే అనుకున్నాం. ఏజెంటు వద్దు, లంచం వద్దు. "రేపు సభల మనం నిలబడి మాట్లాడాలె తమ్మీ, వంక ఉండొద్దు" అన్నాడు అన్న.

రవాణా కార్యాలయం ఏ జిల్లాదో చెప్పను. నేను నల్గొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ పనిచేశాను. అక్కడి గుమాస్తా ఇప్పుడు మనవలతో ఉంటాడు, ఉండనీ.

ఆయన కిటికీలోంచి తొంగి నా బండిని చూసి నవ్వాడు.

"దీనికి పెడళ్ళు ఉన్నయి గద సార్! పెడళ్ళు ఉంటె సైకిలే. సైకిల్‌కు మా దగ్గర నంబర్ ఉండది."

"ఇంజన్ గూడ ఉంది గద."

"ఉంటె? పొలంల బాయి మీద ఆయిల్ ఇంజన్ ఉంటది, దానికి నంబరిస్తున్నమా?"

"బాయి రోడ్డు మీద పోతదా?"

పక్క బల్లవాళ్ళు నవ్వారు. ఆయనకు కోపమొచ్చింది. "పెద్దసార్‌ను అడుగుండ్రి" అన్నాడు. పెద్దసారు బండి చూడకుండానే, "పెడళ్ళున్నయా? అయితే సైకిలే" అన్నాడు. ఏజెంట్ల ద్వారా వచ్చిన మోపెడ్లు ఒకటో రెండో నంబరు వేసుకుని అదే కార్యాలయం ముందు నిలబడి ఉన్నాయి. వేలెత్తి చూపించాను. "అవి వేరే" అన్నారు. ఎట్లా వేరో చెప్పలేదు.

నేను కోఠిలో మోటారు వాహనాల చట్టం పుస్తకం కొని, మళ్ళీ వెళ్ళాను. మరీ చిన్న ఇంజన్ ఉన్నవాటినే చట్టం వదిలేసింది, నా బండి ఇంజన్ అంతకంటే పెద్దది. పెడల్ అన్న మాటే అందులో లేదు. ఆ పేజీ తీసి గుమాస్తా ముందు పెట్టాను.

"గిది మీ బుక్కు సార్. మా బుక్కు వేరే ఉంటది."

"చూపెట్టుండ్రి."

"బీరువల ఉంది. తాళంచెవి ఉన్నాయన లీవుల ఉన్నడు."

"అయితే నా బండి సైకిల్ అని రాసియ్యుండ్రి. పోలీసులకు చూపెట్టుకుంట."

అంతవరకు అంత ధైర్యంగా మాట్లాడిన మనిషి కలం ముట్టలేదు. "సైకిల్ అయితే మున్సిపాలిటీల బిళ్ళ తీసుకోవాలె. అక్కడ రాసిస్తరు, పోండ్రి" అన్నాడు.

అప్పటికింకా మా పట్నంలో సైకిళ్ళకు ఏడాదికోసారి రేకుబిళ్ళ వేసే పద్ధతి పోలేదు. బిళ్ళలు ఇచ్చే ముసలాయనను అందరూ చాచా అనేవాళ్ళు. ఆయన బయటికి వచ్చి, మోపెడ్ చుట్టూ ఒకసారి తిరిగి, పెట్రోల్ టాంకీ మూత తీసి వాసన చూశాడు.

"సాబ్, గిది పెట్రోల్ తాగుతది. తాగేదానికి నేను బిళ్ళ ఎట్లిస్త?"

"ఆ మాటే జర రాసిస్తరా చాచా?"

"రాసియ్యనీకేంది? నిజమే గద."

ఆయన దవాతులో కలం ముంచి, తెలుగులో, ఉర్దూలో రెండు వరుసల్లో రాసి ముద్ర వేశాడు. ఈ బండికి పెట్రోలుతో నడిచే యంత్రం ఉన్నందువల్ల సైకిల్ లైసెన్సు ఇవ్వడానికి వీలులేదు అని. మూడు నెలల్లో నాకు ఒక మాట రాసిచ్చిన ఉద్యోగి ఆయన ఒక్కడే. చాయ్ తాగమంటే, "కాగితానికి చాయ్ ఎందుకు సాబ్, ఊకె తాగిపియ్యండ్రి" అన్నాడు. తాగాం.

ఆ కాగితం, చట్టం పేజీ రెండూ జతచేసి పెద్దసారుకు దరఖాస్తు పెట్టి, కాదంటే కాదని రాసి ఇవ్వమని కోరాను. వారం తిరక్కముందే ఇన్‌స్పెక్షన్‌కు బండి తెమ్మని కబురొచ్చింది. ఇంజన్ మీది నంబరుకు కాగితం అడ్డంపెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకున్నారు. వచ్చే వారం నంబరు ఇస్తామన్నారు. నంబరిచ్చే రోజున నాకు టెన్త్ పరీక్షల డ్యూటీ పడింది. అన్న బస్సెక్కి వెళ్ళి కాగితం తెచ్చాడు. 2646.

"నంబర్ మంచిగొచ్చింది తమ్మీ" అన్నాడు.

మంచిగ అనే మాటకు ఇంకో అర్థం ఉందని నాకు ఎందుకు తడుతుంది?

ఆ తర్వాత ప్రతి సభలోనూ నేను మోపెడ్ ముచ్చట చెప్పేవాణ్ణి. హుజూర్‌నగర్‌లో చెప్పాను, చౌటుప్పల్‌లో చెప్పాను. బాయి మీది ఇంజన్ దగ్గర జనం పడీపడీ నవ్వేవాళ్ళు. చివర బండిని ముందుకు తెప్పించి, "ఏజెంటు లేడు, లంచం లేదు. రాసియ్యి అన్నం, అంతే. రేపు మీకు బాణామతి ఉందని ఎవడన్న చెప్తె మీరు గూడ రాసియ్యిమనుండ్రి" అనేవాణ్ణి. చప్పట్లు కొట్టేవాళ్ళు. నా పక్కన కుర్చీలో కూర్చుని అన్న కూడా కొట్టేవాడు. ఆయన చేతులు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఐదు నెలల తర్వాత ఒక తోటి టీచరుకు స్కూటర్ రిజిస్ట్రేషన్ ఉండి, ఆయనను నేనే ఆ కార్యాలయానికి తీసుకుపోయాను. వెంటబడిన ఏజెంటును చూసి, "మాకు అక్కర్లేదు బాబూ, మేం సక్కగ పోతం" అని గట్టిగా అన్నాను. లోపల గుమాస్తా విన్నాడు.

"మీరేనా సార్ చెప్పేది గీ ముచ్చట?" అని రిజిస్టరు తీసి నా ముందుకు తోశాడు.

2645 ఎదురుగా నా పేరు రాసి ఉంది. దాని మీద ఎర్ర సిరాతో గీత. పక్కన ఇంకెవరిదో పేరు. కింది వరుసలో, 2646 ఎదురుగా, మళ్ళీ నా పేరు.

"ఆనాడు కాగితం కోసం మీ ముసలిసారు వచ్చిండు. అంకెలు గూడిండు. రెండు, ఆరు, నాలుగు, అయిదు, పదిహేడు. ఒకటి ఏడు ఎనిమిది. మొహం నల్లగయింది పాపం. శని నంబర్ వద్దన్నడు. బయటికి పోయి ఏజెంటును తోలుకొచ్చిండు. నంబర్ మార్చుడు అట్ల అయింది. మేం సైకిల్ అంటె తిట్టిండ్రు గద సార్, మరి గిదేంది?"

"ఈ పేరు ఎవరిది?"

"మీ ముసలిసారు ఎనుక లైన్ల నిలబడ్డ పాలాయనది. ఆయనది గూడ మోపెడే. మీరు కొట్లాడినంక మోపెడ్లు కిటికీకి వస్తున్నయి. ఆయనకు లెక్కలు రావు, ఏదిచ్చినా తీసుకుంటడు."

నా తోటి టీచరు నేల చూపులు చూశాడు. ఆయన స్కూటర్ పని ఆ రోజు ఎట్లా అయిందో నాకు గుర్తులేదు.

అన్న ఇంటికి వెళ్ళేసరికి వసారాలో కూర్చుని పల్లికాయ ఒలుస్తున్నాడు.

"అన్నా, ఎనిమిది ఎవరికిచ్చినవ్?"

చేతిలో కాయ అట్లాగే ఉంది. "ఎవరు జెప్పిండ్రు?" అన్నాడు. అబద్ధం అంటాడని దారి పొడుగునా ఆశపడ్డాను. ఆ ఆశ అక్కడ పోయింది.

"నమ్ముతవా ఏంది నువ్వు గవన్ని?" అన్నాను.

"నమ్మ."

"మరి?"

"నీకేం తమ్మీ, ముంగట హ్యాండిల్ పట్టుకుంటవు. ఎనుక కూసునేది నేను. పెట్టె ఒళ్ళె పెట్టుకొని, పట్టుకోనీకె గూడ ఉండది. నమ్మ గని, ఉత్తగ ఎందుకు తెచ్చుకోవాలె?"

నాకు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. "అన్నా, ఆ నంబర్ల కీడు ఉందనుకో. అయితె తెలిసి తెలిసి పాలాయన మెడకు కట్టినవ్. లేదనుకో. అయితె లేనిదానికి ఏజెంటు కాళ్ళు పట్టుకున్నవ్. రెంటిల ఏది జేసినవో రాసియ్యి."

"డిబేట్ జేస్తున్నవా నాతోటి? గిది ఇల్లు."

"నేర్పింది నువ్వే."

"సభల జెప్పకు" అన్నాడు. ఆయన నన్ను బతిమాలడం అదే మొదటిసారి. "ఇన్నేండ్ల పని పోతది. నా కోసం గాదు, ఆ ముసలామె అసోంటోళ్ళ కోసం."

ఆ ముసలామెను మధ్యలోకి తేవడం నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆమె పళ్ళు పోయిన మర్నాడు, వంక ఉండొద్దన్న మనిషి ఆయన. నమ్మేవాడు చేసిన మోసం కంటే నమ్మనివాడు చేసిన ఈ పని నీచంగా తోచింది. అంకెల జాతకం చెప్పేవాడు కనీసం తన అంకెలను తాను నమ్ముతాడు.

తర్వాతి సభ కోస్గిలో. ముందే ఒప్పుకున్నది కాబట్టి ఇద్దరమూ వెళ్ళాం. దారి పొడుగునా వెనక నుంచి రేకుపెట్టె అంచు నా వీపుకు గుచ్చుకుంటూనే ఉంది. సభలో నేను మోపెడ్ ఊసెత్తకుండా ముగించబోయాను. ముందు వరుసలోంచి ఒకాయన లేచాడు.

"సార్, గా సైకిల్ ముచ్చట చెప్పుండ్రి! మా బావమర్ది హుజూర్‌నగర్ల విన్నడట."

అన్న వైపు చూశాను. ఆయన తన చేతులు చూసుకుంటున్నాడు. చెప్పడం మొదలుపెట్టాను. గుమాస్తా, బాయి ఇంజన్, చాచా. జనం నవ్వారు. ఏజెంటు లేడు అనే చోటికి వచ్చాక నోరు రాలేదు. అసలు జరిగింది చెప్పేశాను. ఎర్ర గీత గురించి, పాలాయన గురించి చెప్పాను. మావాడే ఒకడు చేశాడన్నాను. ఎవరో చెప్పలేదు, కానీ వేదిక మీద ఉన్నది ఇద్దరమే. "మేము గూడ భయపడ్డం. మా భయం తీసుకపోయి ఇంకొకని బండికి కట్టినం. పల్లెల్ల ముసలామె మీద నింద పెట్టేటోళ్ళు చేసేది గూడ గిదే" అన్నాను. నా జీవితంలో అంతకంటే నిజమైన మాట నేను మాట్లాడలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక ఎవరో, "సూసినవా, సార్లకు గూడ ఎనిమిదంటె దడే" అనడం వినిపించింది. సభంతా గుసగుసలయింది.

దిగుతుంటే సైకిల్ ముచ్చట చెప్పమన్న మనిషే నా పక్కకు వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"సార్, జర ఒక్క మాట. గా ఏజెంటు ఏ ఆఫీసు కాడ ఉంటడు? మా ట్రాక్టర్‌కు గూడ ఎనిమిదే తగిలింది."

అన్న పక్కనే ఉన్నాడు. విన్నాడు. రేకుపెట్టె నా బండి పక్కన దించి, బస్టాండు వైపు నడిచాడు. నేను పిలవలేదు. ఆ తర్వాత ఆయన నా బండి ఎక్కలేదు. నేనూ ఎక్కమనలేదు. పెట్టెను వెనక సీటుకు తాడుతో కట్టుకుని ఇంకా నాలుగేళ్ళు తిరిగాను.

నేను తిరిగే రోడ్డు మీద పాలాయన నాకు అప్పుడప్పుడు ఎదురయ్యేవాడు. రెండు వైపులా క్యాన్లు, ముందు 2645. నేను ఎవరో ఆయనకు తెలియదు. ఎదురైన ప్రతిసారీ ఆయన కాళ్ళూ చేతులూ బాగున్నాయా అని నా కళ్ళు ముందు వెతికేవి, ఆ తర్వాతే నాకు సిగ్గు వచ్చేది. వారం పది రోజులు ఆయన కనిపించకపోతే నేనే పాలకేంద్రం దారి పట్టి, దూరం నుంచి ఆ నంబరు చూసి వచ్చేవాణ్ణి. నా గురువు నాకు చివరగా అంటించింది అదే.