గీత లోపలే తొక్కింది నా కూతురు

బుడ్డమ్మా, నీ గురించి ఊరు చెప్పింది చాలు. ఇక నేను చెబుతాను.

నా కూతురు బుడ్డమ్మ పోయి రెండు నెలలు కావస్తోంది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు మీద పొద్దున్నే రేసు కోసం సైకిలు తొక్కుతుంటే, వెనక నుంచి లారీ కొట్టింది. నేను మిల్లు పనికి బయలుదేరి చెప్పులు వేసుకుంటుంటే ఫోను వచ్చింది. "సైకిలు తొక్కి చచ్చిపోయింది" అని అందరూ అంటున్నారు. తొక్కితే చచ్చిపోలేదు, లారీ కొడితే చచ్చిపోయింది. ఈ రెండూ ఒకటి కావు. అది చెప్పడానికే రాస్తున్నాను.

సైకిలు రేసుల్లో ఇన్ని రకాలుంటాయని నాకేం తెలుసు? మొదటిసారి చూడబోయినప్పుడు నా కూతురే అందరికంటే ముందు వచ్చేసింది. కొంగులో కట్టుకుపోయిన బెల్లం అక్కడున్న వాళ్లందరికీ పంచాను. జెండా పట్టుకున్న ఆయనకూ పెట్టాను. ఆయన నోట్లో వేసుకుని, "బెల్లం బాగుంది గానీ అమ్మా, ఇంకా పద్దెనిమిది మంది రావాల" అన్నాడు. ఒక్కొక్కరినే నిమిషం తేడాతో వదిలే రేసట అది. ముందు వదిలారు కాబట్టి ముందు వచ్చింది. చివరికి చూస్తే ఏడోది.

"పక్కనోళ్లతో గాదు అమా, గడియారంతో పోటీ ఇది" అని కడుపు పట్టుకుని నవ్వింది. "ఏడో నంబరుకు బెల్లం పంచినదానివి నువ్వొక్కదానివే."

"తిన్నోళ్లెవురూ తిరిగియ్యలేదు లేవే" అన్నాను.

ఊరి వీధుల్లోనే చుట్లు తిరిగే రేసు ఇంకొకటి. నాకు అదే ఇష్టం. నిలబడిన చోటే బిడ్డ పదిసార్లు కనిపిస్తుంది. రోజుకింత దూరమని నాలుగైదు రోజులు సాగే రేసు కూడా ఉంది. అందులో తొక్కాలని దానికి ఆశ. తొక్కనే లేదు.

అందరూ ఒకేసారి బయలుదేరే రేసు చూసినప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండింది. దారంతా ముందుండి, చివర్లో పక్కకు తప్పుకుంది. వెనక వచ్చిన పిల్ల గెలిచింది.

"ఎవురి కోసరం తొక్కినావే అంత దూరం?"

"గాలికి అడ్డం పోయినాను అమా. నా యెనకొచ్చే పాపకు కష్టం తగ్గుతాది. మాదంతా ఒకే జట్టు. ఆయమ్మి గెలిస్తే మేమందరం గెలిసినట్లే."

ఆ రోజంతా దానితో మాట్లాడలేదు. మరుసటి రోజు మిల్లులో తెలిసింది. పత్తి మిషను ముందు నిలబడిన వాళ్ల ముఖానికే దుమ్మంతా కొడుతుంది. అందుకే మేం ఆడవాళ్లం వంతులు మార్చుకుంటాం. నా వంతు వచ్చి ముక్కుకు గుడ్డ కట్టుకుంటుంటే, నా కూతురు చేసింది ఇదే కదా అనిపించింది. ఇంటికి పోయి చెబితే, "మేమూ వంతులేసుకుంటాం అమా" అంది.

అది పోయాక జట్టులో మిగిలిన ముగ్గురి సైకిళ్లకూ ఇళ్లలో తాళాలు వేశారు. ఒక్కొక్క ఇంటికీ పోయి అడిగాను. ఒకామె ఏడుస్తూనే తిట్టింది.

"నీకైంది సాలదా అక్కా? మా పిల్లను గూడా రోడ్డు మీదికి తోలమంటావా?"

ఆమె భయం తప్పని నేననను. "నా బిడ్డ రోడ్డంచు తెల్లగీత లోపల పోతాండె. గీత దాటింది లారీ. తాళం దేనికెయ్యాల మనం?" అన్నాను. "ఈసారి యెనక నేనుంటా. నన్ను దాటుకోని రావాల ఏ లారీ అయినా."

వారం తర్వాత తాళాలు తీశారు.

ఇప్పుడు రోజూ పొద్దున ఆ ముగ్గురి వెనక నా తమ్ముడి ట్రాలీ ఆటో పోతుంది. దాని వెనకవైపు, వచ్చే బండ్లకు ఎదురుగా నేను కూర్చుంటాను. చేతిలో ఎర్రగుడ్డ ఊపుతుంటాను. మొన్న ఒక లారీ డ్రైవరు హారను మోగించి, "ఏందమ్మో, రోడ్డు నీదా?" అని అరిచాడు.

"నాదే అప్పా. మెల్లగా పో" అన్నాను.

మెల్లగానే పోయాడు.

అది పోయిన కొత్తలో నాకు ముద్ద దిగేది కాదు. కళ్లు తిరిగేవి. కళ్లు తిరిగే మనిషి లారీకి ఎదురుగా కూర్చోలేదు. అందుకే తెల్లారి లేచి రొట్టె కాల్చుకుని, ఆకలి ఉన్నా లేకపోయినా తిని బయలుదేరుతున్నాను. ఇది చదివే మీలో ఎవరికైనా నాలాగే ముద్ద దిగకపోతే, మీరు కూడా కడుపునిండా తినండి.