బస్సులో ఉండగా చేరిన ఫైళ్లు

తాండూరులో బండల పాలిష్ యూనిట్ ఆఫీసులో పనిచేస్తున్నాను. మా బండలు కొనే దుకాణాలు వికారాబాద్, కుల్కచర్ల వైపు చాలా ఉన్నాయి. వాళ్లు ఆర్డరిచ్చిన వాటిలో ఏ సైజు, ఏ రంగు బండలు తయారయ్యాయో ప్రతి సాయంత్రం ఒక్కో దుకాణానికి ఒక్కో ఎక్సెల్ ఫైలు మెయిల్ చేయాలి. మొత్తం లిస్టును దుకాణాలవారీగా విడగొట్టి, పేరు పెట్టి, అటాచ్ చేసి పంపేసరికి మా బషీరాబాద్ బస్సు వెళ్లిపోయేది. షేర్ ఆటోలో ఇరుక్కుని ఇల్లు చేరేదాన్ని.

వీడియోలు చూసి పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటుంటే, ఈ పనంతా కోడ్‌తో చేయించవచ్చని తెలిసింది. ఓనర్‌కు చెప్పాను.

"అది ఒకరి ఫైలు ఇంకొకరికి పంపితే గిరాకి పోతది బిడ్డా. చేత్తోనే పంపు," అన్నాడాయన.

"ముందు ఒక్క వికారాబాద్ దుకాణానికే పంపి చూస్త సార్. సక్కగ పోకపోతే బంద్ జేస్త."

సరేనన్నాడు. మధ్యాహ్నం కోడ్ నడిపాను. మెయిల్ వెళ్లింది. కాసేపటికి దుకాణం ఆయన ఫోన్ చేశాడు.

"ఏం పంపినవమ్మా? తెరుసుకుంటలేదు."

ఓనర్ విన్నాడు. తల అడ్డంగా ఊపుతూ లోపలికి వెళ్లిపోయాడు. అది బాగా గుచ్చుకుంది. మొహం కడుక్కొచ్చి మళ్లీ కూర్చున్నాను. ఆ మెయిల్ కాపీ నాకూ వచ్చేలా పెట్టుకున్నాను; అది చూస్తే అర్థమైంది. ఫైలుకు పేరైతే పెట్టాను గానీ, అది ఎక్సెల్ ఫైలని తెలిపే చివరి అక్షరాలు పెట్టలేదు. చుక్క పెట్టి వాటిని చేర్చి, మళ్లీ పంపి, ఈసారి నేనే ఫోన్ చేశాను.

"ఆఁ, గిప్పుడు తెరుసుకుంది. అన్నీ మా బండలే ఉన్నయి."

కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. పక్క టేబుల్ అక్క ఎందుకో తెలియకుండానే తనూ కొట్టింది.

తర్వాత ఒక్కొక్కటిగా దుకాణాలన్నీ చేర్చాను. సాయంత్రం దానంతటదే నడిచేలా టైం పెట్టాను. ఆ రోజు సంచీ భుజానేసుకుని దర్జాగా బస్సెక్కితే కిటికీ సీటు దొరికింది. ఊరు దాటకముందే ఓనర్ ఫోన్.

"అందరికీ ఫైళ్లు ముట్టినయంట. నీ కుర్చీ సూస్తే ఖాళీగుంది. ఎవలు పంపిన్రు?"

"నేనే సార్. బస్సుల ఉన్న."

ఆయన పెద్దగా నవ్వాడు. "అయితే ఇగ రోజూ బస్సుల కూసోనే పంపు బిడ్డా!"

ఒక్కదాన్నే ఎందుకు నవ్వుకుంటున్నావని పక్క సీటులో ఉన్న, కర్ణాటక సరిహద్దు ఊరి పెద్దావిడ కన్నడంలో అడిగింది. నాకొచ్చిన కన్నడంలో జరిగిందంతా చెప్పడం మొదలుపెట్టాను. ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు గానీ, బషీరాబాద్ వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.