మావయ్యగారి వరద పుల్ల

గోదారి పాయల మధ్య మా లంకలో ఎత్తయిన చోటంటే ఏటిగట్టే. అందుకే మారేడుమిల్లి కొండలు చూద్దామని మా ఆయన కారు మాట్లాడితే మా ఎనిమిదేళ్ల పిల్ల గంతులేసింది. మావయ్యగారు మాత్రం "రాళ్లూ రప్పలూ చూడ్డానికి అంత దూరం ఎందుకురా" అని గొణిగారు. అక్కడ వాగులుంటాయంటే అప్పుడు కారెక్కారు.

రావులపాలెంలో అరటిగెలల లారీల మధ్య ఇరుక్కుని, రంపచోడవరం దాటాక గాని ఘాట్ రోడ్డు తగల్లేదు. మలుపు మలుపుకీ కారు ఆపించి మా ఆయన ఫోటోలు. కింద లోయల్లో కొండరెడ్ల ఊళ్లు, వెదురు తడికల ఇళ్లు. వాగు పక్కన ఒక కొండరెడ్డి ఆవిడ బొంగులో చికెన్ కాలుస్తుంటే మా ఆయన అక్కడ నిలబడిపోయారు.

వాగు మధ్యలో పెద్ద బండ ఉంది. నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. మావయ్యగారు నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, మనవరాలి చెయ్యి పట్టుకుని బండ మీదికి నడిచారు. అలా పుల్ల గుచ్చడం వరదొస్తే మా లంకలో అందరూ చేసే పనే. పుల్ల ఎంత మునిగితే నీరు అంత పెరిగినట్టు. భద్రాచలంలో పెరిగిన గోదారి మా గుమ్మంలోకి రావడానికి టైము పడుతుంది. ఈలోగా బియ్యం అటకెక్కించి, గేదెల్ని గట్టుకి తోలుకోవచ్చు.

"ఎందుకండీ అంత లోపలికి" అన్నాను.

"గోదాట్లో పుట్టి పెరిగేం. పిల్లకాలవకి భయమేంటమ్మాయ్? పుల్ల పెట్టేను కదా" అన్నారు. నాకు ఒళ్లు మండింది, ఒడ్డునే నిలబడి చూస్తున్నాను.

మా నెత్తిన ఎండ కాస్తోంది. ఎగువన కొండ మీద మాత్రం మబ్బు నల్లగా ఉంది. ముందు ఎండాకులు కొట్టుకొచ్చాయి. తర్వాత నీళ్లు టీ రంగుకి తిరిగాయి. పుల్ల ఎంత మునిగిందా అని చూశాను. పుల్లే లేదు. అంతలో పైనుంచి హోరు.

మావయ్యగారు పిల్లని భుజాల మీదికెత్తుకుని ఒక కాలు నీళ్లలో పెట్టారు. మా ఊళ్లో అయితే అదే సరైన పని. పెరగడం మొదలెట్టిన గోదారి రోజుల తరబడి తగ్గదు, ఆలస్యం చేసినవాడు ఇరుక్కుపోతాడు. మా ఆయన పరిగెత్తుకొచ్చి "నాన్నగారూ, వచ్చేయండి, వచ్చేయండి" అని అరుస్తున్నారు.

నాకు బండ నెత్తిన మొక్క ఒకటి కనిపించింది. మోచెయ్యంత పొడుగు, పచ్చగా ఉంది. నీళ్లు అక్కడిదాకా వచ్చేవైతే అది బతికేదా? ఏమో. తప్పయితే పోయేది నా పిల్ల.

"దిగకండి. పైకెక్కండి" అన్నాను. పెళ్లయ్యాక మావయ్యగారి ముందు నా గొంతు లేవడం అదే మొదలు. ఆయన కొడుకు వైపు చూశారు, నా వైపు చూశారు. "మావయ్యగారూ, నా మాట వినండి."

ఆయన కాలు వెనక్కి తీసి బండ నెత్తికెక్కారు. మా ఆయన నీళ్లలోకి దూకబోతే చొక్కా పట్టుకుని లాగాను. నీళ్లు బండ ఎక్కుతూ ఎక్కుతూ మావయ్యగారి పాదాల దాకా వచ్చాయి. పిల్ల ఏడుపు హోరులో వినపడ్డం మానేసింది. నోరు తెరుచుకుని ఉండడమే కనిపిస్తోంది. నేనే చంపుకున్నాను అనుకున్నాను.

మొక్క దగ్గరే నీళ్లు ఆగాయి. తర్వాత ఎంత వేగంగా పెరిగాయో అంత వేగంగా దిగిపోయాయి. ఇవతలికి వచ్చాక కొండరెడ్డి ఆవిడ పిల్లని పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుంది. మావయ్యగారు కారెక్కేముందు వెనక్కి తిరిగి ఆ మొక్కని చూశారు.

ఆ మరుసటి నెల మాకు గోదారి వచ్చింది. ఎప్పుడు ఇల్లు వదలాలో ఏటా ఆయనే చెప్పేవారు. ఈసారి వాకిట్లో పుల్ల గుచ్చి, కాసేపు చూసి, వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"ఏమంటావమ్మాయ్?"

పుల్ల ఇంకా జానెడు బయటే ఉంది, ఆయన లెక్కన ఇంకా టైమున్నట్టే. నేను పొయ్యి ఆర్పి పిల్లని ఎత్తుకున్నాను.

"ఆయ్" అని ఆయన గేదెల పలుపులు విప్పడానికి వెళ్లారు.