సలీంకి నేను వేసిన మార్కులు

ఇన్నేళ్ళూ మోసిన ఈ మాట మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఇప్పుడు చెబుదామంటే ఆమె లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఆస్ట్రేలియాలో, టూవూంబా ఊళ్ళో ఒక ఆసుపత్రిలో, యువ డాక్టర్లకు స్పెషలిస్టు శిక్షణ ఇచ్చే విభాగానికి నేను డైరెక్టర్‌ని. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకం భయపడుతున్న రోజులవి. అప్పటిదాకా ఎవరిని తీసుకోవాలో డైరెక్టర్లం ఫోన్లో మాట్లాడుకొని తేల్చేసేవాళ్ళం. ఆ ఏడు పద్ధతి మార్చాలన్నారు. అందరికీ ఒకే ప్రశ్నలు, ప్రతి జవాబుకూ మార్కులు. నాకంటే సీనియర్ డైరెక్టర్ ఒకాయన, ఇక్కడివాడే, ఒప్పుకోలేదు. వార్డులో నర్సులతో కలిసి టీ తాగే తీరు చూడకుండా మనిషినెలా ఎంచుతామన్నాడు. కొత్త పద్ధతి కోసం గట్టిగా వాదించింది నేను. మనవాళ్ళు, పరాయివాళ్ళు అనే మాట ఉండదన్నాను. నమ్మే అన్నాను.

ఆ ఏడు సలీం దరఖాస్తు పెట్టాడు. హైదరాబాదు కుర్రాడు, మా వార్డు డాక్టరు. ఆసుపత్రిలో నన్ను సార్ అనేవాడు, ఆదివారం మా ఇంట్లో అన్నం తింటూ అంకుల్ అనేవాడు. దగ్గరివాళ్ళు ఇంటర్వ్యూకి వస్తే నేను గదిలోంచి లేచి వెళ్ళాలని కొత్త నియమం. లేవలేదు. అతను చక్కగా జవాబులు చెప్పాడు. పక్కనున్న సీనియర్ నా కాగితం వైపు చూస్తున్నాడనిపించింది. నిజంగా చూశాడో లేదో ఇప్పటికీ తెలియదు. రోగితో మాట్లాడే తీరుకు సలీంకి అందరికంటే తక్కువ వేశాను. అదే అతని బలమని తెలిసి వేశాను. మనవాడని ఎక్కువ వేశానని ఎవరూ అనకూడదని వేసిన మార్కుని, న్యాయం కోసం వేసిన మార్కేనని ఎన్నేళ్ళు నాకు నేను నచ్చజెప్పుకున్నాను? సీనియర్ అతనికి మంచి మార్కులే వేశాడు. సీటు పోయింది నా వల్లే.

మర్నాడు సలీం నన్ను కారిడార్‌లో ఆపాడు.

"ఎక్కడ పోయింది సార్? జర చెప్పండి, వచ్చేసారికి సరి చేసుకుంట."

"కమ్యూనికేషన్‌లో తగ్గిందన్నారు."

"ఎవరన్నరు సార్?"

"ప్యానెల్."

నవ్వాడు. "పేషెంట్లు మాటలు పెట్టుకొని నన్ను ఇడువరు సార్. మీ ప్యానెల్‌కే అర్థం కాలేదేమో నా ఇంగ్లీషు."

"నీ తరఫున నేను చెప్పి చూశాను, సలీం."

ఆ మాట నన్నెవరూ అడగలేదు. నేనే అన్నాను.

వచ్చేసారి అతను రాలేదు, డాక్టరీయే మానేశాడు. మెల్‌బోర్న్ దగ్గర వెర్రిబీలో ఉండే వాళ్ళ బావ కంప్యూటర్ కోర్సులో చేర్పించాడు. అప్పుడు అందరూ అటే పోతున్నారు. తర్వాత బాగానే స్థిరపడ్డాడని విన్నాను. ఆ కబురు నాకు చాలాకాలం సాకుగా పనికొచ్చింది.

పోయిన నెల మా ఆవిడ పెద్దకర్మకి వచ్చాడు. జుట్టు నెరిసింది. కుర్చీలు సర్దాడు. వడ్డించాడు. మా అమ్మాయితో, "అప్పట్ల నా సీటు కోసం అంకుల్ మస్తు కొట్లాడిండ్రు," అన్నాడు.

"దట్స్ సో డాడ్, నాన్నంటే అంతే," అంది అది.

మా ఆవిడా అలాగే అనుకొని పోయింది. అతను నా విస్తట్లో ఇంకాస్త అన్నం పెట్టాడు. తల ఎత్తకుండా తిన్నాను.

అతనికి చెబుతానని మీకు మాటివ్వలేను. ఆ ధైర్యం ఉంటే ఇది రాయక్కర్లేదు. నేను కొట్లాడలేదు. ఆ మార్కులు వేసింది నేను. ఈ రెండు మాటలూ ఇవాళ్టి దాకా ఎక్కడా లేవు. ఇప్పుడు ఇక్కడున్నాయి. కాస్త ఊపిరాడుతోంది, అంతే.