నేను కొట్టేసిన మాట

నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటోలు ఆగేచోట కొత్తగా ఒక టిఫిన్ బండి పెట్టారు. మొన్న పొద్దున అటు వెళ్తుంటే, తడిపిన బొరుగులను ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో వేసిన ఘాటు ముక్కుకు తగిలింది. రాయలసీమ వాళ్ల ఉగ్గాని. ఆకలి లేకపోయినా కాళ్లు ఆగిపోయాయి. ఆ వాసనతో నాకు గుర్తొచ్చేది ఒక్క మనిషే. గుంతకల్లు నాగవేణి గారు. మాదాపూర్‌లో నేను మొదట చేరిన సాఫ్ట్‌వేర్ కంపెనీలో మా టెస్టింగ్ టీముకు ఆమె లీడ్. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. మధ్యాహ్నం డబ్బా మూత తీస్తే హాలంతా ఆ తాలింపు వాసనే. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం మా పని. ఆమె ఆ పనిని నా కథల మీద కూడా చేశారు.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులవి. మాది దేవరకొండ దగ్గర పల్లె. మూసాపేటలో రెండు గదులు కిరాయికి తీసుకుని అమ్మ, నాయిన, నేను ఉండేవాళ్లం. ఇంట్లో ఒక భాష, ఆఫీసులో ఒక భాష. బస్సు ఎక్కగానే నా నోట్లోకి 'అండి' వచ్చి కూర్చునేది. ఇంటర్వ్యూల్లో రెండుసార్లు నా యాసకు నవ్వినవాళ్లను చూశాక నేర్చుకున్న జాగ్రత్త అది. ఎవరికీ చెప్పకుండా కథలు రాసేదాన్ని. వాటిలోనూ అదే జాగ్రత్త. గోదావరి గట్లు, అరటితోటలు, 'ఏవండీ' అని మొదలుపెట్టి మాట్లాడుకునే మొగుడూ పెళ్లాలు. పత్రికలకు పంపితే తిరిగొచ్చేవి.

ఒకరోజు ఒక కథను ఆఫీసు ప్రింటరులో వేసి, మీటింగుకు పిలిస్తే కాగితాలు ట్రేలోనే మరచిపోయాను. నాగవేణి గారు వాటిని పట్టుకుని నా సీటు దగ్గరికి వచ్చారు. ప్రతి సంభాషణ పక్కనా పెన్సిలుతో 'ఎవరు?' అని రాసి ఉంది.

"సారీ మేడం, ఇంకోసారి ఆఫీసు ప్రింటర్ వాడనండి," అన్నాను.

"ప్రింటర్ సంగతి అట్ల పెట్టు. గోదావరి ఎప్పుడన్నా చూసినావా పాపా?"

"లేదండి."

"మరి ఈళ్లంతా ఎవురు? మీ ఇంట్లో ఎవురన్నా ఇట్ల మాట్లాడతారా?"

నేను కాగితాలు అందుకుని సొరుగులో పెట్టేశాను. మీ నాయన ఏం చేస్తాడని అడిగారు. ఊళ్లో వ్యవసాయం అన్నాను. అబద్ధం. మా నాయిన నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల టవరు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియకుండా రెండేళ్లు కాపాడుకున్నాను.

ఆమె మాత్రం ఏదీ దాచుకునే మనిషి కాదు. క్యాంటీన్‌లో అందరి మధ్య కూర్చుని వాళ్ల అమ్మతో ఫోనులో "ఏం జేస్తాండావు మా, మాత్ర ఏసుకుంటివా లేదా" అని గట్టిగా మాట్లాడేవారు. పక్క టేబులు వాళ్లు నవ్వుకుంటుంటే నాకే సిగ్గేసి తల దించుకునేదాన్ని. "నవ్వనీలే పాపా. మాయమ్మకు అర్థమాయె కదా," అని తినడంలో పడేవారు.

ఆ ఏడాది ఒక బంద్ రోజున మా ఆఫీసుకు సెలవిచ్చారు. నాయిన మాత్రం ముందురోజు డ్యూటీకి వెళ్లినవాడు అక్కడే ఉండిపోయాడు. మార్పిడికి రావలసిన గార్డు రాలేకపోయాడు. హోటళ్లన్నీ మూసేశారని అమ్మ అన్నం కట్టిస్తే, కొంత దూరం ఎవరి బండి మీదో, కొంత దూరం నడిచీ చేరాను. గేటు ముందు యాభై అరవై మంది గుమిగూడి జై తెలంగాణ అని నినాదాలిస్తున్నారు. లోపల ఎవరో పని చేస్తున్నారట, మూసేయాలట. ఒకాయన చేతిలో రాయి ఉంది. నాయిన లాఠీని గోడకు ఆనించి, ఉత్త చేతులతో ఆయన ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"నీకు తెలంగాణ వద్దా కాకా?" అని ఆయన గద్దించాడు.

"నీకంటె ముందుగాల నాకే గావాలె తమ్మీ. గని ఆ అద్దం పలిగిందంటె రేపటి సంది నా కొలువు వోతది. నీదేం వోతది చెప్పు."

ఆయన కాసేపు నాయిన మొహంలోకి చూసి రాయి కింద పడేశాడు. వాళ్లు ముందుకు కదిలి వెళ్లాక, గేటు పక్క గదిలో నాయిన అన్నం తిన్నాడు. తింటూ తింటూ తల ఎత్తకుండా ఒక మాట అన్నాడు.

"జాగ మనది బిడ్డా. బంగ్లాలు గట్టుకున్నది ఆంధ్రోళ్లు. కావలి మల్ల మనమే."

ఇంటికి వచ్చి కాగితం ముందు కూర్చున్నాను. మొదటిసారి ఏ వాక్యాన్నీ వెతుక్కోవలసిన అవసరం రాలేదు. నాయిన ఎలా మాట్లాడాడో అలాగే రాశాను. చివరి మాట మాత్రం రాసి కొట్టేశాను. ఆ వారమే నాగవేణి గారి అపార్ట్‌మెంటు గోడ మీద ఎవరో వెళ్లిపొమ్మని పెద్ద అక్షరాలతో రాశారు. అలాంటి మాటే నా కాగితం మీద కూడా ఆమె చూడాలా అనిపించింది.

సోమవారం కథ ఆమెకిచ్చి, ఆ గార్డు మా నాయినే అని చెప్పాను. నా అబద్ధం గురించి ఆమె ఏమీ అనలేదు. రెండుసార్లు చదివారు. ఈసారి ఎక్కడా 'ఎవరు?' అని రాయలేదు. చివర్లో మాత్రం పెన్సిలు ఆగింది.

"ఈడ ఏమో తీసేసినావు."

"ఏం లేదండి."

"గేటు కాడ అంత మాట్లాడిన మనిషి, కూతురు ముందర ఊరికే తిని చేయి కడుక్కుంటాడా? ఏమన్న్యాడు?"

చెప్పాను. ఆమె కళ్లు ఎర్రబడటం చూసి, చెప్పకుండా ఉండాల్సిందని లోలోపల నన్ను నేనే తిట్టుకున్నాను.

"నాకు నొప్పి పుట్టింది, నిజమే," అన్నారు. "మీ నాయన కనపడితే ఆ మాటకు కొట్లాడతా. మాది కరువు సీమ, మేం యాడ బంగ్లాలు కడ్తిమి అని అడుగుతా. అది మా ఇద్దరి సంగతి. ఆయప్ప నోట్లోంచి మాట పెరికేదానికి నువ్వెవురు? నా పేరు చెప్పి పెరికేది ఇంకా తప్పు. రాయి. నా ముందరే రాయి."

ఆమె పెన్సిలుతోనే రాశాను.

ఆ కథను ఒక మాసపత్రికకు పంపాను. సంపాదకుడు ఫోన్ చేసి, కథ బాగుందనీ, సంభాషణలు మాత్రం అందరికీ అర్థమయ్యే భాషలోకి మార్చమనీ అన్నారు. అచ్చులో పేరు చూసుకోవాలని ఐదేళ్లుగా ఎదురుచూస్తున్నదాన్ని. అయినా "మార్చను సార్. మా నాయిన గిట్లనే మాట్లాడతడు," అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశారు. నాలుగు నెలల తర్వాత, ఒక్క అక్షరం మారకుండా అదే పత్రికలో కథ అచ్చయింది. నాయిన కూడబలుక్కుంటూ చదివి, "గిది నేనన్న మాటనే గదనే," అని నా వైపు వింతగా చూశాడు.

నాగవేణి గారు అన్నంత పనీ చేశారు. ఒక శనివారం నాయిన పనిచేసే గేటు దగ్గరికి వెళ్లి అరగంట వాదించారు. నీళ్ల గురించి, కరువు గురించి, కొలువుల గురించి. ఇద్దరూ ఒక్క మెట్టు దిగలేదు. చివరికి నాయిన ఆమెకు టీ తెప్పించాడట. "మంచి మనిషే. గని ఇనదు," అన్నాడు ఇంటికొచ్చి. మరునాడు ఆమె కూడా నాయిన గురించి దాదాపు అదే అన్నారు.

రాష్ట్రం వచ్చాక ఆమె బెంగళూరుకు మారారు. అక్కడే జబ్బుపడి మూడేళ్ల కిందట పోయారు. నావి ఇప్పటికి రెండు పుస్తకాలు వచ్చాయి. ప్రతి కథా పూర్తయ్యాక, ఇందులో నేను ఎవరి నోరు నొక్కానని వెతుక్కుంటాను. దాదాపు ప్రతిసారీ ఒకరు దొరుకుతారు.

ఈమధ్య మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గురించి ఒక కథ రాశాను. ఒడిశా నుంచి వచ్చినవాడు. ఒకరోజు గేటు దగ్గర మాటల మధ్యలో అతను నాతో, "ఆరు నెలల నుంచి మీరు నన్ను భయ్యా అంటున్నారు మేడం, నా పేరు ఎప్పుడూ అడగలేదు," అన్నాడు. గార్డు కూతుర్ని నేను. కథలో ఆ వాక్యం దగ్గర నా చేయి రెండు రోజులు ఆగింది. మూడో రోజు కిందికి వెళ్లి పేరు అడిగాను. పైకి వచ్చి, అతనన్న మాట అన్నట్టే ఉంచి కథ పంపేశాను.