బండ ఇడువకు చెల్లె

మహబూబాబాద్ నుంచి కారులో బయలుదేరి, సముద్రతీరం వెంట గుడారం వేసుకుంటూ పోతున్నాం. ఒక సాయంత్రం నా భార్య గవ్వలు ఏరుతూ రాళ్ల మీదుగా దూరం వెళ్లింది. ఇంతలో నీళ్లు పెరిగాయి. ఆమె ఒక బండను కరుచుకుని ఆగిపోయింది. నేను దూకబోతుంటే, ఒడ్డునున్న ఒకావిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"దిగకు తమ్మీ! నువ్వొస్తున్నవని ఆమె చెయ్యి ఇడుస్తది."

మా వైపు యాస. విదిలించుకున్నా వదల్లేదు. "బండ ఇడువకు చెల్లె!" అని అరుస్తూనే ఉంది. చివరికి జాలర్లు తాడు విసిరి నా భార్యను లాగారు.

"మాది భూపాలపల్లి," అందామె అప్పుడు. "బిడ్డ కోసమని మా ఆయన గోదావరిల దూకిండు. బిడ్డ ఒడ్డుకొచ్చింది. ఆయన రాలె."

నా భార్య తడిబట్టలతోనే ఆమెను కావలించుకుని ఏడ్చింది. నేను ఆమె పేరైనా అడగలేదు.